అరవై ఐదు అంగుళాల పారదర్శకత

ప్రభుత్వం చేస్తున్న పని ప్రజలకు కనిపించడం లేదన్న బాధ రాజధానిలో ఎవరికో కలిగింది. పని జరగడం లేదేమోనన్న అనుమానం మాత్రం ఎవరికీ రాలేదు. జరుగుతూనే ఉంది. కాకపోతే గోడల వెనక, కంప్యూటర్ల లోపల జరుగుతోంది గనక జనం కంట పడటం లేదు, అంతే. అందుచేత ప్రతి పురపాలక సంఘంలోనూ పని జరుగుతున్న కంప్యూటరును ప్రజలు కూర్చునే హాల్లో ఒక పెద్ద టీవీకి కలపాలనీ, ఉద్యోగి లోపల ఏం చేస్తే అది బయట ప్రజలు కళ్ళారా చూడాలనీ ఉత్తర్వు వెలువడింది. ఆ కార్యక్రమానికి 'కళ్ళెదుట పాలన' అని పేరు పెట్టారు.

మా ఆలమూడి కమిషనరు పానకాలరావు గారికి ఉత్తర్వు అందిందంటే కూర్చోబుద్ధి కాదు. అందులో ఏముందో తర్వాత చదువుకోవచ్చు, ముందు అమలు చేసెయ్యాలి అనే రకం. పైగా ఆయన ఆ ఏడే రిటైరు కావాలి. పైవాళ్ళ కంట్లో పడితే సర్వీసు ఇంకో ఏడాది పొడిగిస్తారేమోనని ఆశ. వారం తిరక్కుండా అరవై ఐదు అంగుళాల టీవీ వచ్చి హాలు గోడెక్కింది. దానికి బొట్టు పెట్టారు, దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్ళు టీవీ మీద చిలకబోయిన అటెండరును పట్టుకుని ఆపారు. అందరూ చప్పట్లు కొట్టాక ఉత్తర్వులో రెండో పేరా చదివారు.

అందులో 'పని జరుగుతున్న కంప్యూటరు' అని ఉంది.

ఆఫీసులో కంప్యూటర్లు బోలెడున్నాయి. వాటిలో పని జరుగుతున్నది ఏదన్న ప్రశ్న మాత్రం అంతవరకూ ఎవరికీ తలెత్తలేదు. కమిషనరు గారి కంప్యూటరుకు కుట్టించిన ముసుగు ఇంకా తియ్యలేదు. మేనేజరు వేదాద్రి గారి కంప్యూటరు మీద వినాయకుడి బొమ్మ ఉంది, కదిపితే దోషమని కదపలేదు. మిగతావి ఎవరో ఒకరు పుట్టినరోజు ఫొటోలు చూసుకోవడానికి పనికొస్తున్నాయి. విచారించగా విచారించగా, కుళాయిల సెక్షన్లో ఝాన్సీ టేబులు మీదున్న పాత కంప్యూటరులో పని జరుగుతోందని తేలింది.

ఝాన్సీ ఆ సెక్షన్లో జూనియర్ అసిస్టెంటు. ఆమె గది హాలుకు ఆనుకునే ఉంటుంది. రోజూ ఆమె చేసే పనుల్లో కష్టమైనది ఒక్కటే. మస్తానమ్మ మొహం చూసి అబద్ధం చెప్పడం.

మస్తానమ్మది రథంబజారులో టిఫిన్ కొట్టు. పొద్దున్నే అట్లు, ఇడ్లీలు అమ్మి, గిన్నెలు బోర్లించి, చెయ్యి పైటకు తుడుచుకుంటూ తిన్నగా ఆఫీసుకొస్తుంది. కొట్టుకూ ఇంటికీ కలిపి ఒక్క కుళాయి కావాలని ఆమె పెట్టుకున్న అర్జీ ఏడాది దాటింది. నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తే అప్పుడు డ్రమ్ములు దొర్లించుకుంటూ పరిగెత్తీ పరిగెత్తీ ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి.

"ఏమ్మా ఝాన్సీ, నా కుళాయి సంగతేంది?"

"పరిశీలనలో ఉందండీ."

"ఏం పరిశీలిస్తన్నారే తల్లీ? వచ్చి నా కొంప చూసిందీ లేదు, నా బిందె చూసిందీ లేదు."

నిజానికి ఆ కుళాయి మంజూరై చాలా కాలమైంది. ఇంజినీరు సంతకం అయింది, పైపు కూడా గోడౌన్లో ఉంది. ఆమెదే కాదు, ఊళ్ళో ఇంకా చాలామంది కుళాయిలు అలాగే మంజూరై ఉన్నాయి. విడివిడిగా ఇచ్చుకుంటూ పోతే ఎవరికీ తెలియకుండా పోతుందని పానకాలరావు గారు అన్నిటినీ ఆపించారు. మంత్రిగారు తేదీ ఇచ్చినప్పుడు 'తాగునీటి మహోత్సవం' పెట్టి, ఒకే ముహూర్తానికి అన్నీ తిప్పించాలని ఆయన ఊహ. తేదీ రాలేదు. ఈలోగా ఎవరడిగినా పరిశీలనలో ఉందనే చెప్పాలని ఝాన్సీకి నోటిమాటగా ఆజ్ఞ. చెప్పిన ప్రతిసారీ ఆమె కంప్యూటరు వైపు తిరిగి చెప్పేది. మస్తానమ్మ వైపు తిరిగి చెప్పడం ఆమె వల్ల కాలేదు.

ఆ కంప్యూటరును చూడ్డానికి బస్టాండు దగ్గర కంప్యూటర్ల షాపు నాగుల్ మీరాను పిలిపించారు. అతను వంగి వెనక వైపు చూసి, లేచి, చేతులు దులుపుకున్నాడు.

"కుదరదు సార్. దీనికున్నది పాత తరం నీలం మూతి. టీవీకున్నది పల్చటి మూతి. ఈ తీగ దాంట్లో దూరదు. గ్రాఫిక్స్ కార్డు వేసుకుంటే సరి. బొమ్మ చూపించే పని అదే చూసుకుంటది, టీవీకి కావలసిన మూతి కూడా దానికే ఉంటది."

వేదాద్రి గారు కళ్ళజోడు సవరించుకున్నారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన చూడని కార్డు లేదు.

"ఏ కార్డు అది? తెల్లకార్డా, గులాబీకార్డా?"

"ఆకుపచ్చది సార్."

"ఆకుపచ్చ కార్డు మన జిల్లాలో అమల్లో లేదే! అర్హులెవరు?"

అది మనుషులకిచ్చే కార్డు కాదనీ, కంప్యూటరు లోపల గుచ్చే పలక అనీ ఝాన్సీ చెప్పింది. అయినా కార్డు కార్డే గనక, ఆహ్వాన పత్రికలూ విజిటింగు కార్డులూ కొనే పద్దులోనే దాన్ని కొనాలని వేదాద్రి గారు నిర్ణయించారు. ఆ పద్దులో కొనేవాటి మీద విధిగా సంఘం చిహ్నమూ, 'స్వాగతం సుస్వాగతం' అన్న మాటా ఉండాలి. నాగుల్ మీరా కార్డు పెట్టె మీద ఆ రెండూ ఉన్న స్టిక్కరు అంటించి తెచ్చాడు.

"ఇక కేబినెట్ తెరవాల సార్," అన్నాడు.

"కేబినెట్ విషయం మన చేతిలో ఉండదయ్యా," అన్నారు పానకాలరావు గారు పెదవి విరుస్తూ. "అది రాజధానిలో తేలాలి."

కంప్యూటరు రేకు పెట్టెను కూడా అదే పేరుతో పిలుస్తారని తెలిశాక కూడా ఆయనకు ధైర్యం చాల్లేదు. ఆ పెట్టె కొన్న నాటి నుంచి ఎవరూ తెరవలేదు. ప్రభుత్వ ఆస్తిని తెరిచాక లోపల ఏదైనా తక్కువైతే ఎవరు జవాబుదారీ? అందుకని తెరవడానికి ఒక సంఘం వేశారు. సభ్యులందరూ చుట్టూ నిలబడగా నాగుల్ మీరా మరలు విప్పి రేకు పక్కకు లాగాడు. లోపల్నుంచి దుమ్ము లేచి వేదాద్రి గారి మీసం తెల్లబడింది. వెంటనే శానిటరీ ఇన్‌స్పెక్టరును పిలిపించి, పురపాలక సంఘం పరిధిలో ఇంత చెత్త పోగుపడుతుంటే ఏం చేస్తున్నావని సంజాయిషీ అడిగారు. పెట్టె లోపలి భాగం ఏ వార్డు కిందికొస్తుందో చెబితే తుడిపిస్తానన్నాడతను.

కార్డు గుచ్చే ముందు నాగుల్ మీరా ఇనప బీరువా మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు.

"ఏమిటది? ప్రార్థనా?" అన్నారు కమిషనరు.

"కాదు సార్. మన ఒంట్లో కొంచెం కరెంటు ఉంటది. అది పోకుండా ముట్టుకుంటే కార్డు దెబ్బతింటది."

"అయితే సంఘ సభ్యులందరూ ముట్టుకోండి," అని ఆజ్ఞాపించారు పానకాలరావు గారు. సభ్యులు హోదాల వారీగా వరసగా వచ్చి బీరువాను తాకి వెళ్ళారు. హాల్లోంచి తొంగిచూసిన జనంలో ఇద్దరు ముసలమ్మలు ఏదో మహిమ ఉందనుకుని వాళ్ళూ వచ్చి తాకి కళ్ళకద్దుకున్నారు.

తీరా గుచ్చబోతే కార్డు పొడుగు, పెట్టె సన్నం. కొలత చూడకుండా తెచ్చినందుకు నాగుల్ మీరా నాలిక్కరుచుకున్నాడు. పైన కొంచెం కత్తిరిస్తే సరిపోతుంది కదా అని వేదాద్రి గారు సలహా ఇచ్చారు. అతను ఆ సలహా విననట్టే వెళ్ళి పొట్టి కార్డు తెచ్చాడు. గాడిలో సరిగ్గా నిలబెట్టి, రెండు బొటనవేళ్ళతో మెల్లగా అదిమాడు. టిక్కుమంది.

'సభ్యుల సమక్షంలో టిక్ అను శబ్దము వినబడినది' అని రాసుకున్నారు వేదాద్రి గారు.

తర్వాత తీగ గోడ దాటాలి. గోడకు వేలెడు కన్నం పెడితే అది కిటికీ కిందికొస్తుందా, వెంటిలేటరు కిందికొస్తుందా అని టౌన్ ప్లానింగ్ వారికి సందేహం వచ్చింది. కిటికీ అయితే గాలీ వెలుతురూ రావాలి, రాకపోతే నిబంధనల ఉల్లంఘన. గాలి రావడానికి వీలుగా కన్నం కొంచెం పెద్దదిగా కొట్టించి, తీగ పోగా మిగిలిన జాగా వదిలేశారు. కొట్టింది కుళాయిలు బిగించే ఫిట్టరే. ఈ హడావుడి అంతా సాగినన్నాళ్ళూ మస్తానమ్మ హాల్లో బెంచీ మీద కూర్చుని చూస్తూనే ఉంది.

"ఆ పెట్టెకు కనెక్షన్ ఇయ్యటానికి ఇంతమంది కష్టపడ్డారు గదా," అంది ఝాన్సీతో, ఎత్తిపొడుపు లేకుండానే. "నా దానికి ఒక్క మనిషి చాలునమ్మా."

ఝాన్సీ తల దించుకుంది.

అంతా సిద్ధమయ్యాక కంప్యూటరు తెర మీద ఒక ప్రశ్న ప్రత్యక్షమైంది. రెండు తెరలూ డూప్లికేట్ చెయ్యాలా, ఎక్స్‌టెండ్ చెయ్యాలా?

"డూప్లికేటా!" కమిషనరు గారు కుర్చీలోంచి లేచారు. "ప్రభుత్వ కార్యాలయంలో డూప్లికేటా! దొంగ రసీదుల కేసులో పోయినేడు ఎన్ని ఉద్యోగాలు ఊడాయో తెలుసా?"

"అది ఆ డూప్లికేటు కాదు సార్," అంది ఝాన్సీ. "ఇక్కడున్నదే అక్కడ కూడా కనబడుతుందని అర్థం. మనకు కావలసింది అదే. ఎక్స్‌టెండ్ నొక్కితే టీవీ ఇంకో ఖాళీ బల్లలా ఉంటుందంతే. మనం ఏదైనా తీసుకెళ్ళి పెడితే తప్ప అక్కడ ఏమీ కనబడదు."

"ఎక్స్‌టెండ్ అంటే పొడిగింపేనా?"

"ఔను సార్."

పానకాలరావు గారి మొహం వికసించింది. "పొడిగింపు శుభం. అదే నొక్కు."

"కానీ సార్, జనానికి ఏమీ..."

"ఏమీ కనబడకపోతే అభ్యంతరాలూ ఉండవు," అని తేల్చారు వేదాద్రి గారు. "ఖాళీగా ఉన్నదాంట్లో తప్పు పట్టలేరు."

హాల్లో టీవీ వెలిగింది. పచ్చటి గుట్ట, పైన నీలాకాశం, నాలుగు తెల్లమబ్బులు. కంప్యూటరుతో పాటు వచ్చే బొమ్మ అది. జనం కాసేపు చూశారు. ఇంకాసేపు చూశారు. గుట్ట గుట్టలాగే ఉంది.

"ఇదేంది సారూ, మా పనులేయి?" అనడిగాడొకాయన.

"జరుగుతున్నాయి," అన్నారు కమిషనరు గారు. "ప్రశాంతంగా జరుగుతున్నాయి. చూడండి, ఎక్కడా అవినీతి కనిపిస్తోందా?"

నిజమే, గుట్ట మీద ఎక్కడా అవినీతి లేదు. ఫ్యాను కింద కూర్చుని పచ్చదనం చూడ్డం జనానికీ హాయిగానే ఉండి, మధ్యాహ్నాలు హాలు నిండేది. ఆ నిండిన హాలును ఫొటో తీసి, 'పాలనను ఆసక్తిగా తిలకిస్తున్న పౌరులు' అని రాసి రాజధానికి పంపారు. మిగతా ఊళ్ళలో డూప్లికేట్ నొక్కినవాళ్ళ పరిస్థితి దారుణంగా ఉంది. ఒకచోట గుమాస్తా పేకాట ఆడుతుంటే హాల్లో జనం ఏ ముక్క వెయ్యాలో కేకలేసి చెప్పారట. ఇంకోచోట ఎవరి దస్త్రం ఎవరి కింద నలుగుతోందో తెర మీద చూసి జనం ధర్నా చేశారట. ఒక్క ఫిర్యాదూ రాని ఊరు ఆలమూడి ఒక్కటే. పారదర్శకతలో మాకు రాష్ట్రంలో మొదటి స్థానం ఇచ్చారు.

దాంతో పక్క ఊళ్ళ అధికారులు జీపులేసుకొచ్చి గుట్టను అధ్యయనం చెయ్యడం మొదలుపెట్టారు. పానకాలరావు గారు వాళ్ళకు ఎక్స్‌టెండ్ ఎలా నొక్కాలో చూపించి, టీ ఇప్పించి పంపేవారు. నెల తిరిగేసరికి చుట్టుపక్కల పురపాలక సంఘాలన్నిట్లోనూ అదే గుట్ట. కరువు మండలంలో ఉన్న ఒక ఊరివాళ్ళు, మా దగ్గర ఇంత పచ్చగా చూపిస్తే జనం నమ్మడం లేదు, కొంచెం ఎండిన గుట్ట పెట్టుకుంటామని అర్జీ పెట్టుకున్నారు. పాలనలో ఏకరూపత దెబ్బతింటుందని పైవాళ్ళు ఒప్పుకోలేదు.

జనం మెల్లగా విసుగెత్తారు. బొమ్మ వస్తోంది, మాట రాదేమని అటెండరును సతాయించారు. అతను రిమోట్ తీసుకుని సౌండు పూర్తిగా పెంచేశాడు. ఏ మాటా రాలేదు. తగ్గించడం మర్చిపోయి రిమోటు జేబులో పెట్టుకుని టీకి పోయాడు.

ఆ మర్నాడే రాజధాని నుంచి పురపాలక శాఖ సంచాలకుల వారు వీడియోలో మాట్లాడతారని కబురొచ్చింది. అన్ని ఊళ్ళ కమిషనర్లూ కూర్చోవాలి. మొదటి స్థానం వచ్చిన కంప్యూటరు నుంచే మాట్లాడితే ఘనంగా ఉంటుందని పానకాలరావు గారు ఝాన్సీ గదికి వచ్చారు. కంప్యూటరుకు కెమెరా, మైకు పెట్టించారు. కొత్త కోటు వేసుకున్నారు. చెప్పబోయే నాలుగు జవాబులు బట్టీ పట్టారు. ఒకటి టీవీ పరిమాణం, రెండు దాని ఉద్దేశం, మూడు పైవారికి కృతజ్ఞత, నాలుగు తన పొడిగింపు. పక్కన వేదాద్రి గారు చేతులు కట్టుకు నిలబడ్డారు. తలుపు దగ్గరగా వేశారు.

తెర మీద సంచాలకుల మొహం కనిపించింది. పెదాలు కదులుతున్నాయి. మాట వినబడలేదు.

ఝాన్సీకి వెంటనే తట్టింది. కార్డు వేసిన రోజు, బొమ్మతో పాటు మాట కూడా ఇక ఆ తీగలోంచే టీవీకి పోతుందని నాగుల్ మీరా చెప్పాడు. ఆమె కంప్యూటరులో ఏనాడూ సౌండుతో పని పడలేదు గనక అది ఎవరికీ తెలిసిరాలేదు.

"సార్, సౌండు..." అనబోయింది.

"ష్!" అన్నారు వేదాద్రి గారు. "సంచాలకుల వారు తెర మీదుండగా కింది స్థాయి మాట్లాడరాదు."

 ఒక్క మీట నొక్కితే మాట గదిలోకి వస్తుంది. ఆమె చెయ్యి మౌస్ దాకా పోయి ఆగింది. తలుపు సందులోంచి బెంచీ మీద మస్తానమ్మ కనిపిస్తోంది. ఝాన్సీ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

హాల్లో గుట్ట ఒక్కసారిగా గర్జించింది.

"ఆలమూడి! పానకాలరావు గారూ, వినబడుతోందా?"

కునికిపాట్లు పడుతున్న జనం ఉలిక్కిపడి లేచారు. ఒక ముసలాయన చెప్పులు విడిచి దండం పెట్టాడు.

"మీ టీవీ సంగతి తర్వాత," అంది గుట్ట. "వేసవి ముంచుకొచ్చింది. మీ ఊళ్ళో మంజూరై కూడా బిగించని కుళాయిలు ఎన్నున్నాయి?"

గదిలో సంచాలకుల పెదాలు ఆగాయి. మొదటి జవాబు చెప్పే వంతని పానకాలరావు గారికి అర్థమైంది. తనకు వినబడటం లేదంటే ఆయనకూ వినబడదేమోనని గొంతు చించుకున్నారు.

"అరవై ఐదు అంగుళాలు సార్!"

"అంగుళాలేమిటండీ? కుళాయిలు, కుళాయిలు! ఎందుకాపారని అడుగుతున్నాను."

"ప్రజల కళ్ళకు చల్లగా ఉండాలని సార్!"

హాల్లో ఒకడు ఫక్కున నవ్వి, పక్కవాడి చెయ్యి పట్టుకున్నాడు. గుట్ట గొంతు పెరిగింది.

"నీళ్ళివ్వకుండా కళ్ళకు చల్లగానా? తమాషాగా ఉందా? ఈ పని ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?"

"అంతా తమరి ఆదేశమే సార్! అక్షరం పొల్లుపోకుండా తమరు చెప్పినట్టే చేశాం!"

 గుట్ట వెనక నుంచి మిగతా ఊళ్ళ కమిషనర్లు నవ్వాపుకుంటున్న చప్పుడు వచ్చింది.

"నేనా?" అంది చివరికి. "నేను చెప్పానా?"

"ఇలాగే మరో ఏడాది సేవ చేసుకునే భాగ్యం కలిగించాలి సార్!"

మస్తానమ్మ అప్పటికే లేచింది. ఆమెకు మిగతా గొడవేదీ ఎక్కలేదు. 'మంజూరై కూడా' అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. తలుపు తోసుకుని లోపలికొచ్చింది. వేదాద్రి గారు అడ్డం రాబోయారు గానీ డ్రమ్ములు దొర్లించిన చెయ్యి ముందు ఆయన నిలవలేదు.

"ఏమ్మా ఝాన్సీ, మంజూరయిందంటగా? నాది గూడానా?"

ఝాన్సీ ఈసారి కంప్యూటరు వైపు తిరగలేదు.

"అయిందండీ," అంది. "దసరాకు ముందే అయింది. చెప్పొద్దన్నారు. అన్ని రోజులూ మీకు అబద్ధమే చెప్పాను."

"ఝాన్సీ!" అన్నారు కమిషనరు గారు.

మస్తానమ్మ ఆమె వంక ఒక క్షణం చూసింది. కోపగించుకోవడానికి ఆ మొహంలో చోటు దొరకలేదేమో, భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది. తర్వాత తెర మీది మనిషి వైపు తిరిగింది.

"అయ్యా, తమరెవరో నాకు తెలవదు. ఇన్ని నీళ్ళ కోసం ఏడాదిబట్టీ ఈ బెంచీ మీద కూకుంటన్నా. పిండి రుబ్బుకోవాలంటే ట్యాంకరు రావాల. గిన్నె కడగాలంటే ట్యాంకరు రావాల. ఈ సారోళ్ళు గుట్ట జూపిస్తన్నారు గానీ నీళ్ళు జూపియ్యట్లా."

సంచాలకుల పెదాలు కదిలాయి. గదిలో ఎవరికీ వినబడలేదు గానీ హాల్లో వినబడింది. జనమంతా తలుపు దగ్గర మూగి అందించారు.

"అమ్మా, నీ పేరేందని అడుగుతున్నాడు!"

"మస్తానమ్మయ్యా. రథంబజారు."

"ఇంకెంతమందికి ఇట్టా ఆపారో తెలుసా అంటున్నాడు!"

"అది నన్నడిగితే ఎట్టా? పక్కనే ఉన్నాడుగా పెద్దసారు, ఆయన్నడుగు!"

"సాయంత్రంలోగా నీ ఇంట్లో నీళ్ళు పడటం కళ్ళారా చూస్తానంటున్నాడు! మిగతావాళ్ళవి వారంలోగా అంట!"

ఈ చివరి మాట సంచాలకులు ఒక్కసారే అన్నారు. హాల్లోవాళ్ళు మాత్రం వరసగా చాలాసార్లు అన్నారు, ఒకసారి ఆడవాళ్ళు, ఒకసారి మగవాళ్ళు, తర్వాత అందరూ కలిసి. వినబడలేదనడానికి పానకాలరావు గారికి దారి లేకపోయింది.

ఈ ఘటనపై తర్వాత వేదాద్రి గారు రాసిన నివేదిక చాలా స్పష్టంగా ఉంది. 'ఉత్తర్వు ప్రకారము ప్రజలు అధికారులను చూడవలెను. అధికారులు ప్రజలను చూచుటకు అందులో ఎట్టి వీలునూ కల్పించబడలేదు. కావున జరిగినది సాంకేతిక లోపముగా పరిగణించవలెను.' దాన్ని పైవారు ఆమోదించి, రాష్ట్రమంతటా టీవీల నోరు నొక్కెయ్యమని సవరణ పంపారు. ఝాన్సీకి సంజాయిషీ నోటీసు కూడా సిద్ధమైంది గానీ, నిజం చెప్పడం ఏ నిబంధన కింద నేరమో దొరక్క ఖాళీ వదిలిన చోట ఇప్పటికీ ఖాళీగానే ఉందట.

ఆ సాయంత్రం మాత్రం ఫిట్టరు పైపు మోసుకుని రథంబజారుకు పరిగెత్తాడు. వెనకాల కోటు భుజాన వేసుకుని పానకాలరావు గారు, ఆయన వెనక వేదాద్రి గారు, వాళ్ళ వెనక హాల్లో జనమంతా. మస్తానమ్మ కొట్టు ముందు మట్టి తవ్వి, పైపు కలిపి, కుళాయి బిగించేసరికి ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. కమిషనరు గారు సెల్‌ఫోన్లో సంచాలకులకు వీడియో కలిపి, వంగి కుళాయి మూతి దగ్గర పట్టుకున్నారు. మస్తానమ్మ తిప్పింది. ముందు గాలి బుస్సుమంది. తర్వాత ఎర్రటి నీళ్ళు. తర్వాత ధార.

ఆమె దోసిలి పట్టి, నిండి కారిపోతున్నా అలాగే ఉంచింది. ఝాన్సీ వెనక నిలబడి చూస్తూ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"చాలు, చూశాను," అన్నారు సంచాలకులు ఫోన్లోంచి, తొందరగా కట్ చేశారు.

జనం ఒక్కొక్కళ్ళే జారుకున్నారు. పానకాలరావు గారు చెమటతో తడిసి కొట్టు ముందు బల్ల మీద కూలబడ్డారు. పొడిగింపు పోయిందని ఆయనకు తెలిసిపోయింది. మస్తానమ్మ ఆయన వంక చూసి, గ్లాసు కడిగి, కుళాయి కింద పట్టి తెచ్చి ఇచ్చింది.

"తాగండి సారూ. పొద్దున్నించీ అరిచి అరిచి గొంతెండి పోయుంటది."

ఆయన గ్లాసు అందుకుని చుట్టూ చూశారు. సర్వీసు మొత్తంలో ఆయన సీసా నీళ్ళు తప్ప తాగింది లేదు. తన సంఘం సరఫరా చేసే నీళ్ళు నోట్లో పోసుకోవలసిన సందర్భం ఎప్పుడూ రాలేదు. మస్తానమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడే ఉంది. తాగారు. సగంలో ఆగారు.

"ఏమిటిది, ఈ వాసన?"

"మన ట్యాంకు నీళ్ళే సారూ," అంది పక్కింటావిడ గుమ్మంలోంచి. "మేం రోజూ తాగేయి ఇయ్యే."

పానకాలరావు గారు గ్లాసులోకి చూశారు. తర్వాత వీధి చివర ఇళ్ళ మీదుగా కనిపిస్తున్న నీళ్ళ ట్యాంకు వైపు చూశారు.

"దాన్ని చివరిసారి కడిగిందెప్పుడు?" అన్నారు ఫిట్టరుతో.

ఫిట్టరు వేదాద్రి గారి వంక చూశాడు. వేదాద్రి గారు గొంతు సవరించుకున్నారు. "దస్త్రం చూసి చెప్పాలండీ."

"దస్త్రం వద్దు. నిచ్చెన తీసుకురండి."

ట్యాంకు కింది మెట్లు విరిగి ఉన్నాయి. అక్కడిదాకా నిచ్చెన వేసి, ఫిట్టరు కింద పట్టుకోగా, పానకాలరావు గారు ప్యాంటు మడిచి ఎక్కారు. రిటైరు కాబోయే వయసులో ఆయన అంత ఎత్తు ఎక్కుతారని ఎవరూ అనుకోలేదు. మధ్యలో రెండుసార్లు ఆగి, ఊపిరి తీసుకుని, పైకి చేరి మూత జరిపి లోపలికి తల పెట్టారు. చాలాసేపు తల బయటికి తియ్యలేదు.

కింద వేదాద్రి గారికి కంగారు పుట్టింది.

"ఏమైనా కనిపిస్తోందా సార్?" అని అరిచారు.

ట్యాంకు లోపల్నుంచి గొంతు ఖంగుమంటూ వచ్చింది.

"కనిపిస్తోందయ్యా."